నా ఇమ్యూనిటీకి లోటు లేదన్నారు: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ, నా అనుభవం

నాకు క్యాన్సర్ అని తెలిశాక పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పిన మాట ఒకటే: "ముందు ఇమ్యూనిటీ పెంచుకో." ఒకరు పొడి తెచ్చారు, ఇంకొకరు మాత్రలు. మా బావైతే "నీకు రోగనిరోధక శక్తి పడిపోబట్టే ఇది వచ్చింది" అని తేల్చేశాడు. నా రక్త పరీక్షలు చూస్తే అలా ఏమీ లేదు. తెల్ల రక్తకణాలు ఉండాల్సినన్ని ఉన్నాయి, వాటిలో ఒక రకమైన లింఫోసైట్లూ ఉన్నాయి. జలుబు చేసినా రెండు రోజుల్లో తగ్గిపోయే ఒళ్ళు నాది. మరి అంత సవ్యంగా పనిచేసే ఇమ్యూనిటీ ఊపిరితిత్తిలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ పెరుగుతుంటే ఏం చేస్తున్నట్టు?

ఆంకాలజిస్టును మొదట అడిగింది అదే. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, "మీ ఇమ్యూనిటీకి లోటేం లేదండీ. గడ్డ దాకా వెళ్ళింది కూడా. అక్కడ దాన్ని పని చెయ్యనివ్వడం లేదు. ఇదొక్కటి పట్టుకుంటే మీకు ఇవ్వబోయే ట్రీట్‌మెంట్ మొత్తం అర్థమవుతుంది" అన్నారు. ఆ మాట పూర్తిగా తలకెక్కడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఇదే జబ్బుతో ట్రీట్‌మెంట్ మొదలుపెట్టబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీ డాక్టర్ చెప్పేది మీకు వేరుగా ఉండొచ్చు, అప్పుడు వాళ్ళ మాటే వినండి.

మొదటి అడ్డంకి బయాప్సీ దగ్గరే వచ్చింది. సీటీ స్కాన్ చూస్తూ వీపు వైపు నుంచి సూది దింపి ముక్క తీశారు. క్యాన్సర్ అని, అందులోనూ నాన్ స్మాల్ సెల్ రకంలో అడినోకార్సినోమా అని చెప్పడానికి ఆ ముక్క సరిపోయింది. తర్వాతి పరీక్షలకు చాల్లేదు. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ కోసం చేసే పరీక్షకు కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు స్లైడు మీద కనపడాలట. జీన్ పరీక్షలకు ఇంకా కావాలి. దాంతో గొంతులోంచి గొట్టం పంపి, ఛాతీ మధ్యలో ఉన్న లింఫ్ గ్రంథి నుంచి మళ్ళీ తీశారు. సూది కంటే ఇదే నయం, మత్తులో ఏమీ తెలియలేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది.

అవతలి ఊపిరితిత్తిలోనూ చిన్న మచ్చలున్నాయి కాబట్టి స్టేజ్ 4. ఆపరేషన్ లేదు. అయినా వెంటనే మందు మొదలుపెట్టలేదు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, జబ్బు అంత ముదిరిందని చెప్పి చేతులు కట్టుకు కూర్చున్నారేమిటని. ఆగింది ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జీన్ రిపోర్టుల కోసం. ఆ జీన్లలో మార్పులుంటే వాటికి నేరుగా పనిచేసే మాత్రలు ఉన్నాయి, అలాంటి గడ్డల మీద ఒంటరిగా ఇచ్చే ఇమ్యునోథెరపీ, అంటే మన ఇమ్యూనిటీ చేతే క్యాన్సర్ మీద పని చేయించే మందు, అంతంతమాత్రం. పైగా తొందరపడి ఇమ్యునోథెరపీ ముందు ఇచ్చేసి, ఆ వెనకాలే ఈజీఎఫ్ఆర్ మాత్ర వేస్తే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. ఈ కారణం ముందే చెప్పి ఉంటే ఆ రోజులు కాస్త తేలిగ్గా గడిచేవి. మీరు మాత్రం అడిగి తెలుసుకోండి.

జీన్ రిపోర్టులో ఆ మార్పులు లేవు. పీడీ-ఎల్1 మాత్రం 70 శాతం. "అంత ముదిరిందా?" అంది మా ఆవిడ, రిపోర్టు చేతిలో పట్టుకుని. చూసినవాళ్ళెవరికైనా అలాగే అనిపిస్తుంది. జబ్బు ఎంత ముదిరిందన్నదానికీ ఆ అంకెకీ సంబంధం లేదు. నూరు క్యాన్సర్ కణాలను చూస్తే డెబ్భై కణాల ఒంటి మీద ఆ ప్రోటీన్ ఉందని దాని అర్థం. 50 దాటితే కీమో లేకుండా ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చి చూడొచ్చు.

స్లైడు నాకూ చూపిస్తారా అని అడిగాను. కుదరదంటారనుకున్నాను కానీ పాథాలజీ డాక్టర్ సరదాపడి కంప్యూటర్ తెర మీద పెట్టి చూపించారు. మొదటిది గులాబీ, ఊదా రంగుల్లో ఉంది. క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఒక్కోదాని కేంద్రకం ఒక్కో సైజులో, వంకర టింకరగా ఉన్నాయి. వాటి గుంపు చుట్టూ పీచులాంటి కణజాలం. ఆ పీచులో చిన్న చిన్న ముదురు నీలం చుక్కలు వరసలు కట్టి ఉన్నాయి. "ఇవే మీ లింఫోసైట్లు. చూడండి, ఎన్ని వచ్చాయో" అన్నారాయన. నిజంగానే చాలా ఉన్నాయి. చాలావరకు గుంపు అంచు దగ్గరే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళినవి అక్కడొకటి, ఇక్కడొకటి. రెండో స్లైడు పీడీ-ఎల్1 రంగు వేసింది. అందులో క్యాన్సర్ కణాల చుట్టూ గోధుమరంగు గీత గీసినట్టు ఉంది, కొన్నిటికి లావుగా, కొన్నిటికి సన్నగా, కొన్నిటికి అసలు లేదు. ఆ గీత ఉన్నవాటిని లెక్కపెట్టే 70 అన్నారు.

నా ఇమ్యూనిటీ మీద నాకున్న అనుమానం ఆ రోజే పోయింది. అది గడ్డను గుర్తుపట్టింది, వెతుక్కుంటూ వచ్చింది.

అసలు గుర్తుపట్టడం ఎలాగంటే, మన ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రోటీన్ల తునకల్ని హెచ్ఎల్ఏ అనే అణువుల మీద పెట్టి బయటకు చూపిస్తూ ఉంటుంది. లింఫోసైట్లలో టీ కణాలు అనే రకం వాటిని తడిమి చూస్తూ తిరుగుతాయి. డీఎన్ఏ దెబ్బతిన్న కణం కొత్తరకం తునకలు చూపిస్తుంది, దాంతో దొరికిపోతుంది. నేను చాలా ఏళ్ళు సిగరెట్లు కాల్చి మానేసినవాణ్ణి. సిగరెట్ పొగ వల్ల వచ్చిన క్యాన్సర్‌లో డీఎన్ఏ మార్పులు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి టీ కణాలకు పట్టు దొరికే అవకాశమూ ఎక్కువేనట. జబ్బు తెచ్చిపెట్టిన పొగే మందు పనిచెయ్యడానికి దారి వేసిందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక టీ కణాలను గడ్డ ఆపేసే సంగతి. టీ కణం దాడి మొదలుపెట్టినప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని వదులుతుంది. చుట్టుపక్కల కణాలన్నిటికీ అది హెచ్చరిక. గడ్డలోని కణాలు ఆ హెచ్చరిక అందుకోగానే తమ ఒంటి మీద పీడీ-ఎల్1 పెంచుకుంటాయి. టీ కణం మీద పీడీ-1 అనే గ్రాహకం ఉంటుంది. ఆ రెండూ కలుసుకుంటే టీ కణం లోపలి ఉత్సాహమంతా చల్లారిపోతుంది. చాలా గడ్డల్లో పీడీ-ఎల్1 పెరిగేది దాడి జరుగుతోంది కాబట్టే. 70 చూసి మేం భయపడ్డాం, డాక్టర్ మొహంలో కాస్త ఊరట కనపడింది. ఎందుకో అప్పుడు అర్థమైంది.

పీడీ-1 క్యాన్సర్ కనిపెట్టిన మాయ కాదు. మన ఒంట్లో పుట్టుకతో ఉన్న బ్రేకే అది. 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం దాన్ని కనిపెట్టినప్పుడు అదేం చేస్తుందో స్పష్టంగా తెలియదు. తర్వాత ఆ జీన్ తీసేసిన ఎలుకల్లో ఇమ్యూనిటీ సొంత అవయవాల మీదే తిరగబడటం చూసి, అది బ్రేక్ అని తేలింది. ఇలాంటిదే ఇంకో బ్రేక్, సీటీఎల్ఏ-4, దాన్ని వదిలిస్తే గడ్డలు కరుగుతాయని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ చూపించారు. ఇద్దరికీ కలిపి 2018లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. మా బావకి ఈ కథ చెప్పాను. పొడి మాత్రం మానొద్దన్నాడు.

ఊపిరితిత్తికి ఈ బ్రేక్ అవసరం మరీ ఎక్కువ. రోజుకి సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం. అందులో దుమ్ము, పుప్పొడి, సూక్ష్మజీవులు, ఏముండవు? వచ్చిన ప్రతిదాని మీదా ఇమ్యూనిటీ విరుచుకుపడితే గాలి గదులు వాచిపోయి ఊపిరాడదు. అందుకని అక్కడి మాక్రోఫేజ్ కణాలు చెత్తను చడీచప్పుడు లేకుండా మింగేసి, మిగతావాటిని శాంతపరుస్తూ ఉంటాయి. ఇలా సర్దుకుపోయే అలవాటున్న చోట పుట్టిన గడ్డ ఆ అలవాటును తనకు అనువుగా వాడుకుంటుంది. నాకు మిగతా అన్నిటికంటే ఇది విన్నప్పుడే ఎక్కువ మతిపోయింది.

పీడీ-ఎల్1తోనే సరిపెట్టదు కూడా. మన ఇమ్యూనిటీని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలను గడ్డ తన చుట్టూ పోగేసుకుంటుంది. మాక్రోఫేజ్‌లను తనవైపు తిప్పుకుని, గాయం మాన్చే పనిలాంటి పని చేయించుకుంటుంది. టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ వదిలి చుట్టూ పీచు పెంచుతుంది. స్లైడులో నీలం చుక్కలు ఆగిపోయింది అలాంటి పీచులోనే. కొత్త రక్తనాళాల కోసం అది వదిలే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్, టీ కణాలకు పాఠం చెప్పాల్సిన డెండ్రిటిక్ కణాలను ఎదగనివ్వదు. గ్లూకోజ్‌ని తనే లాగేసుకుని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, టీ కణాలకు తిండీ ఉండదు, చోటూ అనుకూలంగా ఉండదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి వాటికి దక్కకుండా చేసే ఎంజైమ్ కూడా ఉంది. ఆ ఎంజైమ్‌ను ఆపే మందు మీద చాలా ఆశలు పెట్టుకున్నారు గానీ, 2018లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో అది ఉపయోగపడలేదు. ఇదంతా భరిస్తూ నెలల తరబడి గడ్డ దగ్గరే ఉన్న టీ కణం చివరికి అలిసిపోతుంది. దాని మీద పీడీ-1తో పాటు లాగ్-3, టిమ్-3 లాంటి బ్రేకులూ వచ్చి చేరతాయి. బాగా ముదిరిన అలసట నుంచి కణాన్ని వెనక్కి తేవడం కష్టం. మందు లేపేది ఎక్కువగా ఇంకా పూర్తిగా అలిసిపోని వాటినే.

నాకిచ్చిన మందు పెంబ్రోలిజుమాబ్. టీ కణం మీది పీడీ-1కి అంటుకుని, పీడీ-ఎల్1 వచ్చి తగలకుండా అడ్డం ఉంటుంది. అంతే. క్యాన్సర్ కణాన్ని అది ముట్టుకోదు. మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు, చిన్న సంచిలో, మధ్యలో ఫిల్టర్ ఉన్న గొట్టంతో, అరగంటలో ఎక్కించేస్తారు. పక్క కుర్చీల్లో కీమో వాళ్ళు గంటల తరబడి ఉంటే నేను పేపరు సగం చదివేసరికి అయిపోయేది. వాంతులు లేవు, జుట్టు ఊడలేదు. "నిజంగా మందే ఎక్కించారా?" అని ఇంట్లో జోకు.

మొదలుపెట్టే ముందు అడిగిన ప్రశ్నలే గట్టివి. కీళ్ళవాతం, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నాయా? ఏదైనా కారణానికి స్టెరాయిడ్ వాడుతున్నారా? రోజుకి 10 మిల్లీగ్రాములు మించిన ప్రెడ్నిసలోన్ వాడుతూ మొదలుపెట్టినవాళ్ళలో ఫలితాలు తక్కువగా కనిపించాయట. ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడారా? పేగుల్లోని బాక్టీరియాకూ ఈ మందు పనిచెయ్యడానికీ సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ వాడాల్సిందే, ఊరికే మింగొద్దన్నారు. ఇంటికొచ్చిన పొడులన్నీ అటక మీదకి చేరాయి. వాటివల్ల లివర్ పరీక్షలు పెరిగితే అది మందు పనో పొడి పనో తేల్చలేమని డాక్టర్ ఒక్క ముక్కలో చెప్పారు.

ఎంత ఆశ పెట్టుకోవచ్చని కూడా సూటిగానే అడిగాను. నాలాగే పీడీ-ఎల్1 50 శాతం, అంతకు మించి ఉన్నవాళ్ళ మీద జరిగిన ట్రయల్ ఫలితాలు మొదట 2016లో వచ్చాయి. ఐదేళ్ళ తర్వాత చూస్తే ఈ మందుతో మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 32 శాతం బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 16 శాతం. డాక్టర్ ఈ రెండంకెలూ కాగితం మీద రాసి నా ముందు పెట్టారు. రెట్టింపు అని సంబరపడాలా, మిగతా 68 మంది సంగతేంటని భయపడాలా? నేను రెండూ చేశాను, రోజు మార్చి రోజు.

మొదటి స్కాన్ అర్థం కాకుండా వచ్చింది. ఊపిరితిత్తిలో గడ్డ కొంచెం తగ్గింది, ఒక లింఫ్ గ్రంథి కొంచెం పెరిగింది. కీమో అయితే పెరిగిందంటే పెరిగినట్టే. ఇక్కడ టీ కణాలు గుంపుగా వచ్చి చేరడం వల్ల కూడా వాపు పెరిగి గడ్డ పెద్దదిగా కనిపించొచ్చు. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అది అరుదేనని, ఎక్కువసార్లు పెరుగుదల నిజమైన పెరుగుదలేనని డాక్టర్ ముందే హెచ్చరించారు. నా ఒంట్లో ఓపిక బాగానే ఉంది కాబట్టి మందు ఆపకుండా కొన్ని వారాలాగి మళ్ళీ తీద్దామన్నారు. ఆ వారాలు ఎలా గడిచాయో రాయడం నాకిష్టం లేదు. మళ్ళీ తీస్తే గ్రంథి తగ్గింది, గడ్డ సగమైంది.

ఈలోపు థైరాయిడ్ పోయింది. మొదట కూర్చున్నా గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. క్యాన్సరే అనుకున్నాం. థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్, టీఎస్‌హెచ్, బాగా పడిపోయి ఉంది. కొన్ని వారాలకు అదే టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరిగి, ఫ్యాన్ గాలికే చలి, పగలంతా నిద్ర. బ్రేక్ తీసేసిన టీ కణాలు థైరాయిడ్ గ్రంథిని వాపెక్కించి, అందులో నిల్వ ఉన్న హార్మోన్ అంతా ఒక్కసారి బయటికి వచ్చేలా చేసి, చివరికి దాన్ని పాడుచేశాయి. ఈ మందు వాడేవాళ్ళలో ఇది తరచుగా కనిపించేదే. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర, ఇక జీవితాంతం. నాకిది పెద్ద బాధ అనిపించలేదు.

భయపడింది ఆ తర్వాత. పొడి దగ్గు మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. వేలికి పెట్టే మీటర్‌లో 97 చూపించే ఆక్సిజన్ 92కి దిగింది. ఈ మందు మీద ఉన్నవాళ్ళు దగ్గు, ఆయాసం, ఆగని విరేచనాలు వస్తే తగ్గుతాయేమోనని ఇంట్లో కూర్చోకూడదని మొదటి రోజే చెప్పారు, అందుకని ఆ సాయంత్రమే వెళ్ళాం. సీటీలో ఊపిరితిత్తుల అడుగున మసకద్దంలాంటి తెల్లదనం. ఇన్ఫెక్షన్ కాదని పరీక్షలు చేసి తేల్చుకున్నాక న్యుమోనైటిస్, అంటే ఊపిరితిత్తుల వాపు అన్నారు, గ్రేడ్ 2, మధ్యస్థం. గడ్డ మీదికి వదిలిన ఇమ్యూనిటీ పక్కనున్న మంచి ఊపిరితిత్తి మీద పడింది.

మందు ఆపేసి, ఒంటి బరువును బట్టి కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టారు. స్టెరాయిడ్ చేసే పని ఇమ్యూనిటీని అణచడం. ఇన్నాళ్ళూ గడ్డ చేసిన పనిని ఇప్పుడు మేమే మాత్రలేసి చేస్తున్నాం! "మరి క్యాన్సర్ మళ్ళీ లేవదా?" అని అడిగాను. ముందు ఊపిరి ముఖ్యం అన్నారావిడ, పైగా ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే మూడు వారాలు పడుతుంది, లేచిన టీ కణాలు అంతలోనే పడుకోవు, సైడ్ ఎఫెక్టుల కోసం ఇలా మధ్యలో స్టెరాయిడ్ వాడినా చాలామందిలో ఫలితం నిలిచే ఉందని చెప్పారు. రెండు మూడు రోజుల్లోనే ఆయాసం తగ్గింది. మాత్రలు మాత్రం నెలకు పైగా మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం, ఒక్కసారి ఆపితే వాపు తిరగబెడుతుందని. ఆ నెల నిద్ర లేదు, షుగర్ పెరిగింది, ప్రతిదానికీ చిరాకు. మా ఆవిడ సహనానికి అసలు పరీక్ష అప్పుడే.

దగ్గు పూర్తిగా పోయి, సీటీ తేటపడ్డాక మందు మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. న్యుమోనైటిస్ తిరిగొచ్చే అవకాశం ఉంది, ఈసారి వస్తే శాశ్వతంగా ఆపేయాల్సిందే. మొదలుపెట్టాం. ఇప్పటిదాకా రాలేదు. గడ్డ ఉన్నచోట ఒక మచ్చ మిగిలింది, అది బతికున్న క్యాన్సరో ఎండిన పీచో స్కాన్ చెప్పలేదు. ట్రయల్స్‌లో ఈ మందును రెండేళ్ళ వరకే ఇచ్చారు, నాకూ అక్కడ ఆపే ఆలోచనలో ఉన్నారు.

ఆపాక తిరిగొస్తే ఏం చేస్తారని కూడా అడిగి పెట్టుకున్నాను. ముందు మళ్ళీ బయాప్సీ అన్నారు. టీ కణాల ఒత్తిడిలో కొన్నాళ్ళు గడిపిన గడ్డ తప్పించుకునే దారి మార్చుకుని ఉండొచ్చు. హెచ్ఎల్ఏ జీన్లలో ఒక ప్రతిని పోగొట్టుకుని, దాని మీద చూపించాల్సిన తునకల్ని చూపించడం మానేసే గడ్డలున్నాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొలి దశలో ఉన్న నాన్ స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనే సుమారు 40 శాతంలో ఇది కనిపించింది. హెచ్ఎల్ఏ నిలబడటానికి ఆసరాగా ఉండే బీ2ఎం అనే ప్రోటీన్‌ను పోగొట్టుకునేవీ ఉన్నాయి. అలాంటి గడ్డ ముందు పీడీ-1 బ్రేక్ ఎంత తీసినా టీ కణానికి పట్టు దొరకడం కష్టం, అప్పుడు కీమో వైపో, వేరే ట్రయల్ వైపో వెళ్ళాలి. తునకలు ఇంకా చూపిస్తుంటే మాత్రం ఇదే మందును మళ్ళీ ఇచ్చి చూసే అవకాశం ఉంటుంది. ఆ రోజు పోల్చి చూడటానికి పనికొస్తుందని, మొదటి బయాప్సీ ముక్కను పోసిన మైనపు దిమ్మను పారేయకుండా ఉంచమని ల్యాబ్‌కి కాగితం రాసి ఇచ్చాను.